జంట డిస్కుల విద్య: స్ట్రైపింగు, మిర్రరింగు, కళాశాల రికార్డుల భద్రత

విద్యాసంస్థకు భవనము శరీరమైతే రికార్డులు దాని జ్ఞాపకశక్తి. ఇరవై సంవత్సరముల క్రిందట చదువు ముగించి వెళ్ళిన విద్యార్థి ఉద్యోగము కొరకో, పాస్‌పోర్టు కొరకో, విదేశములలో పై చదువు కొరకో ఒకనాడు తిరిగివచ్చి తన మార్కుల జాబితా నకలును కోరవచ్చును. పూర్వము గుమాస్తా బీరువా తెరిచి, దుమ్ము దులిపి, రిజిస్టరులో ఆ పేరు వెదకి ఇచ్చేవాడు. నేడు ప్రవేశముల వివరములు, హాజరు, ఉపకార వేతనముల దరఖాస్తులు, రుసుముల లెక్కలు, మార్కులు అన్నియు కంప్యూటరులోనికి చేరినవి. చాల కార్యాలయములలో ఈ సమస్తమును ఆ పెట్టెలోని ఒకే ఒక డిస్కు మోస్తున్నది. ఒక ఉదయము ఆ డిస్కు పలుకకపోయినచో ఆ సంస్థ తన విద్యార్థులను మరచిపోయినట్లే కదా!

ఈ ప్రమాదమును ఎదుర్కొనుటకు రెండు డిస్కులను జతచేసి వాడే విద్య ఒకటి ఉన్నది. అందులో స్ట్రైపింగు, మిర్రరింగు అని రెండు ముఖ్య పద్ధతులు. పేర్లు విన్నవారికి రెండును ఒకే కోవకు చెందినవిగా తోచును. నిజమునకు ఒకటి వేగమును పెంచి ప్రమాదమును కూడ పెంచునది; రెండవది వేగమును పెద్దగా పెంచక ప్రమాదమును తగ్గించునది. ఈ భేదమును విద్యార్థులకును, కళాశాల కమిటీ సభ్యులకును విశదీకరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన ప్రాంతము, కంప్యూటరు

కంప్యూటరు అనగానే అది ఎక్కడినుండియో వచ్చిన వస్తువని మన తూర్పు హైదరాబాదు వాసులు అనుకొనవలసిన పని లేదు. నాచారము దాటి కీసర వైపు సాగే మార్గములో కుషాయిగూడ వద్ద ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా మనమందరము ఇ.సి.ఐ.ఎల్. అని పిలిచే సంస్థ, 1967లో స్థాపింపబడినది. దాని స్థాపనకు మూలపురుషుడైన అయ్యగారి సాంబశివరావుగారి పేరుమీదనే ఎ.ఎస్. రావు నగర్ వెలసినది. ఈ సంస్థ 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరును అందించినది. తరువాత 1970లలో టి.డి.సి.-312, టి.డి.సి.-316 వెలువడినవి. ఉప్పల్ మార్గములో 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ భూమి కదలికలను గూర్చి అహోరాత్రములు సమాచారమును సేకరిస్తున్నది. ఒకనాడు నమోదైన భూప్రకంపనను మరల రప్పించుట ఎవరితరమును కాదు. కావున సమాచారమును పోగుచేయుట ఎంత ముఖ్యమో, పోకుండ కాపాడుట అంత ముఖ్యమని ఇటువంటి సంస్థల ఇరుగుపొరుగున ఉన్న మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

డిస్కు స్వభావము

హార్డ్ డిస్కు లోపల అయస్కాంత పూతగల గుండ్రని పళ్ళెములు ఉంటాయి. సాధారణ డెస్క్‌టాప్ కంప్యూటరులోని పళ్ళెము నిమిషమునకు 7200 సార్లు, అనగా సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. పళ్ళెమునకు తగులకుండ, వెంట్రుకమందము కంటె ఎన్నో రెట్లు తక్కువ ఎత్తున ఒక చిన్న తల తేలుతూ, సమాచారమును వ్రాస్తూ చదువుతూ ఉంటుంది. కావలసిన చోటు తల క్రిందికి వచ్చువరకు సగటున అర చుట్టు వేచియుండవలెను. అది సెకనులో వెయ్యవ వంతులు నాలుగింటికి పైబడిన కాలము. మనకు ఇది కనురెప్పపాటు కంటె తక్కువ. కాని సెకనుకు కోట్ల లెక్కలు చేసే ప్రాసెసరుకు ఇది సుదీర్ఘ నిరీక్షణ. డిస్కు నెమ్మదియైనది అనుటకు ఒక ముఖ్య కారణము ఇదే. తిరిగే యంత్రము అరుగుతుంది, వేడెక్కుతుంది, కుదుపునకు దెబ్బతింటుంది. డిస్కు నశించుటకు కారణము ఇది. తిరిగే భాగములు లేని ఎస్.ఎస్.డి.లు నేడు విరివిగా వచ్చినవి. అవి వేగవంతమైనవి, కుదుపునకు ఓర్చునవి. అయినను అవియు చెప్పాపెట్టకుండ ఆగిపోగలవు.

ఐ.బి.ఎం. సంస్థ 1956లో తెచ్చిన మొదటి డిస్కు యంత్రములో రెండడుగుల వ్యాసముగల పళ్ళెములు 50 ఉండేవి. వాటన్నిటిలోను పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు అరచేతిలో ఇమిడే డిస్కులో దానికి లక్షల రెట్ల సమాచారము ఇముడుతున్నది. కనుక ఒక్క డిస్కు పోయినప్పుడు కలిగే నష్టము కూడ ఆ మేరకే పెరిగినది.

స్ట్రైపింగు: ఇద్దరు కాతిబుల పని పంపకము

ఉర్దూ పత్రికలు, గ్రంథములు చేతివ్రాతతో అచ్చుకు సిద్ధమైన కాలములో కాతిబు ఎంత ముఖ్యుడో మన ఉర్దూ శాఖ విద్యార్థులు ఎరుగుదురు. ఒక పెద్ద గ్రంథమును త్వరగా వ్రాయించవలెనని అనుకొందము. బేసి పుటలు ఒక కాతిబుకు, సరి పుటలు మరొక కాతిబుకు ఇచ్చినచో ఇద్దరును ఒకేసారి వ్రాస్తారు. పని సుమారు సగము కాలములో ముగుస్తుంది. స్ట్రైపింగు సరిగా ఇదే. కంప్యూటరు ఒక ఫైలును చిన్న చిన్న ముక్కలుగా చేసి, మొదటి ముక్కను మొదటి డిస్కు మీద, రెండవ దానిని రెండవ డిస్కు మీద, మూడవ దానిని మరల మొదటి దానిమీద వరుసగా వ్రాస్తుంది. విండోస్‌లోని స్ట్రైపు వాల్యూములో ఒక్కొక్క ముక్క పరిమాణము 64 కిలోబైట్లు. వాడుకరికి మాత్రము రెండు డిస్కులు కలిసి ఒకే పెద్ద డిస్కుగా కనబడతాయి. ఒక్కొక్కటి 1 టెరాబైటు గల రెండు డిస్కులను ఇట్లు కలిపినచో 2 టెరాబైట్ల స్థలము లభిస్తుంది. పెద్ద ఫైళ్ళను చదువుటలోను వ్రాయుటలోను వేగము ఇంచుమించు రెట్టింపవుతుంది.

కాని ఇద్దరిలో ఒక కాతిబు ఇల్లు అగ్నికి ఆహుతియైనచో మిగిలినది సగము గ్రంథము కాదు. చదువుటకు వీలులేని సరి పుటల కట్ట మాత్రమే. స్ట్రైపింగులో కూడ ఒక డిస్కు పోతే రెండవ డిస్కులోని ముక్కలు తునాతునకలై నిరుపయోగమవుతాయి. 64 కిలోబైట్లకు లోబడిన చిన్న ఫైలు ఏదైనను దైవికముగా దక్కవచ్చునేమో గాని, దాని పేరును, చోటును తెలిపే పట్టికయే ముక్కలైపోవును.

లెక్క వేసి చూతము. ఒక డిస్కు ఒక సంవత్సరములో చెడిపోవు అవకాశము నూటికి 3 అని ఉదాహరణకు తీసుకొందము. రెండు డిస్కులను స్ట్రైపు చేసినప్పుడు వాటిలో ఏ ఒక్కటి పోయినను సర్వమును పోవును గనుక ప్రమాదము నూటికి దాదాపు 6 అవుతుంది. నాలుగు డిస్కులైనచో నూటికి పదకొండున్నర. డిస్కులు పెరిగినకొలది వేగముతోపాటు ఆపద కూడ పెరుగుతుంది.

మిర్రరింగు: ఒకే గ్రంథమునకు రెండు ప్రతులు

ఇప్పుడు అదే గ్రంథమును ఇద్దరు కాతిబులకును పూర్తిగా ఇచ్చి, ఇద్దరిచేతను మొదటి పుట నుండి చివరి పుట వరకు వ్రాయించినామనుకొందము. కాలము కలిసిరాదు, కాగితము రెట్టింపవుతుంది; కాని ఒక ప్రతి నశించినను రెండవ ప్రతి అక్షరము పొల్లుపోకుండ నిలుస్తుంది. ఇది మిర్రరింగు. కంప్యూటరు ప్రతి వ్రాతను రెండు డిస్కుల మీదను ఏకకాలములో చేస్తుంది. 1 టెరాబైటు డిస్కులు రెండు పెట్టినను దక్కే స్థలము 1 టెరాబైటే. వ్రాయుటలో వేగము పెరుగదు. చదువుటలో మాత్రము ఇద్దరు అడిగినప్పుడు ఒకరికి ఒక డిస్కునుండి, మరొకరికి రెండవ డిస్కునుండి అందించు వీలు ఉన్నది.

ఒక డిస్కు చెడిపోయిన దినమున కార్యాలయము పని ఆగదు. చెడిన దానిని తీసి క్రొత్తది పెట్టినచో, మిగిలిన డిస్కులోని సమాచారమంతయు క్రొత్త దానిలోనికి ఎక్కుతుంది. సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున 1 టెరాబైటు నకలగుటకు సుమారు 2 గంటల 47 నిమిషములు పడుతుంది.

పై ఉదాహరణలోని లెక్క ప్రకారము రెండు డిస్కులును ఒకే సంవత్సరములో పోవు అవకాశము పదివేలకు 9 మాత్రమే. అయితే ఈ లెక్క వెనుక ఒక షరతు దాగియున్నది. ఒక డిస్కు చావునకు రెండవ డిస్కు చావునకు సంబంధము లేదని మనము ఊహించినాము. ఒకే కర్మాగారములో ఒకే దినమున తయారై, ఒకే పెట్టెలో, ఒకే వేడిలో పనిచేసే కవలలకు ఒకే లోపము ఉండవచ్చును; ఒకే విద్యుదాఘాతము రెండింటిని కూల్చవచ్చును. కావున జత డిస్కులను వేరు వేరు తయారీ వరుసలనుండి తీసుకొనుట వివేకము.

ఈ విద్య పుట్టుక

మిర్రరింగు క్రొత్త ఆలోచన కాదు. టాండెమ్ అనే అమెరికా సంస్థ 1970లలోనే, ఆగకుండ పనిచేయవలసిన కంప్యూటర్లలో జంట డిస్కులను వాడినది. చెడిన డిస్కులోని సమాచారమును మిగిలినవాటి సహాయముతో తిరిగి రాబట్టే పద్ధతికి ఐ.బి.ఎం.కు చెందిన నార్మన్ కెన్ ఔచీ 1978లో పేటెంటు పొందినాడు. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణమునకు చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ ఒక పరిశోధన పత్రమును ప్రకటించి, ఈ పద్ధతులన్నిటిని వర్గీకరించి వాటికి 'రెయిడ్' అని పేరుపెట్టినారు. పెద్ద కంప్యూటర్ల ఖరీదైన డిస్కునకు బదులు, వ్యక్తిగత కంప్యూటర్లకై తయారైన 100 మెగాబైట్ల చౌక డిస్కులను అనేకము గుదిగుచ్చి వాడవచ్చునని వారి వాదము. కాని వారు వెంటనే హెచ్చరిక కూడ చేసినారు. ఒక్కొక్క డిస్కు సగటున 30,000 గంటలు బ్రతికినను, 100 డిస్కులను కలిపినచో సగటున 300 గంటలకే, అనగా రెండు వారములు నిండకుండనే, ఏదో ఒకటి పోవును. అందుచేతనే అదనపు ప్రతి అవసరమని వారు నిరూపించినారు. వారు 1 నుండి 5 వరకు అంతరువులు పేర్కొన్నారు. వాటిలో మొదటిది మిర్రరింగు. ఏ రక్షణయు లేని స్ట్రైపింగునకు తరువాతి వారు 'రెయిడ్ సున్న' అని పేరు పెట్టినారు. రక్షణ విషయములో దానికి దక్కిన మార్కులు కూడ సున్నయే అని విద్యార్థులు గుర్తుంచుకొనవచ్చును.

ఐదవ అంతరువును గూర్చి ఒక మాట. మూడు డిస్కులలో రెండింటిపై సమాచారము, మూడవదానిపై వాటి సరిచూపు వ్రాయబడునని అనుకొందము. మూడింటిలోని 'ఒకట్ల' సంఖ్య ఎల్లప్పుడు సరిసంఖ్యగా ఉండవలెనన్నది నియమము. మొదటిది 1, మూడవది 1 అయి, రెండవది నశించినచో, అది 0 అయితీరవలెను. బడిపిల్లవాడు చేయగల ఈ చిన్న లెక్కతో పోయిన డిస్కును పునఃసృష్టి చేయవచ్చును. ఐదవ అంతరువులో ఈ సరిచూపు ఒకే డిస్కుపై ఉండక, మూడింటిపై వంతులవారీగా పంచబడుతుంది.

డెస్క్‌టాప్ కంప్యూటరులో సాఫ్ట్‌వేరు ద్వారా

ఈ పనిని ప్రత్యేకమైన కార్డు చేయవచ్చును. లేదా ఆపరేటింగ్ సిస్టమే చేయవచ్చును. రెండవ దానిని సాఫ్ట్‌వేరు పద్ధతి అంటారు. ఇందులో ఖరీదైన కార్డు అక్కరలేదు. మిర్రరింగువల్ల ప్రాసెసరుపై పడే భారము స్వల్పము. కార్డు చెడిపోతే అటువంటి కార్డే వెదకవలసిన బాధ లేదు. సాధారణముగా అదే ఆపరేటింగ్ సిస్టము గల మరొక కంప్యూటరులో డిస్కును పెట్టి చదువవచ్చును.

మైక్రోసాఫ్ట్ సంస్థ 1993 నాటి విండోస్ ఎన్.టి. సర్వరులోనే మిర్రరింగును అందించినది. కాని చాలకాలము డెస్క్‌టాప్ వాడుకరులకు ఒక విచిత్రమైన పరిస్థితి ఉండెను. విండోస్ 2000 ప్రొఫెషనల్‌లోను, విండోస్ ఎక్స్‌పి ప్రొఫెషనల్‌లోను ప్రమాదకరమైన స్ట్రైపింగు లభించేది. రక్షణనిచ్చే మిర్రరింగు సర్వరు కొన్నవారికే దక్కేది. 2009లో వచ్చిన విండోస్ 7 ప్రొఫెషనల్ నుండి ఆ లోటు తీరినది. 2012లో విండోస్ 8తోపాటు వచ్చిన 'స్టోరేజ్ స్పేసెస్' అనే సౌకర్యముతో ఈ పని మరింత సులభమైనది. పాత డైనమిక్ డిస్కు పద్ధతికి బదులు దీనినే వాడవలసినదిగా మైక్రోసాఫ్ట్ సూచిస్తున్నది. ఉచితముగా దొరికే లినక్స్‌లో ఈ పద్ధతులన్నియు ఉన్నవి.

మిర్రరు చేయలేనిది

ఇక అసలు విషయము. మిర్రరింగు పెట్టినాము గనుక నిశ్చింతగా ఉండవచ్చునని భావించుట పెద్ద పొరపాటు. అద్దము మంచిని మాత్రమే చూపి చెడును దాచదు. గుమాస్తా పొరపాటున ఒక తరగతి మార్కుల ఫైలును తుడిచివేస్తే, ఆ తుడుపు రెండు డిస్కుల మీదను ఒకే క్షణములో జరుగుతుంది. వైరసు ఫైళ్ళకు తాళము వేస్తే రెండు ప్రతులకును వేస్తుంది. దొంగ పెట్టెను ఎత్తుకొనిపోతే రెండును పోతాయి. మిర్రరు రక్షించేది డిస్కు మరణమునుండి మాత్రమే. మనిషి పొరపాటునుండి కాదు.

నీటినుండి కూడ కాదు. 13 అక్టోబరు 2020న మన పొరుగునే ఉన్న ఘట్‌కేసర్ పరిసరములలో ఒక్కదినమున 30 సెంటీమీటర్లకు మించిన వర్షము కురిసి, ఉప్పల్ పరిసరములలో పల్లపు వీథులు, ఇండ్లు జలమయమైన సంగతి మనమెవ్వరము మరువలేదు. క్రింది అంతస్తులో నేలమీద ఉన్న కంప్యూటరులో రెండు డిస్కులున్నను, పది డిస్కులున్నను వరదకు ఒక్కటే లెక్క.

ఈ విషయములో మన సంప్రదాయము గొప్ప పాఠమును నేర్పుతున్నది. మూడవ ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి.) దివ్య ఖురాను యొక్క ప్రామాణిక ప్రతులను సిద్ధము చేయించి ఒకే నగరములో భద్రపరచలేదు, కూఫా, బస్రా, డమాస్కసు వంటి దూర నగరములకు పంపించినారు. ప్రతులు అనేకము కావుటయే కాదు, దూరదూరముగా ఉండుట కూడ రక్షణలో భాగమన్నమాట.

మరియొక పాఠము మన మసీదులలోనే కలదు. రంజాను మాసములో తరావీహ్ నమాజు చేయించే హాఫిజు వెనుక మరొక హాఫిజు నిలిచి శ్రద్ధగా వింటూ ఉంటారు. వారిని సామే అంటారు. ముందున్నవారు ఎక్కడైన తడబడితే వెంటనే లుఖ్మా ఇచ్చి సరిదిద్దుతారు. కంప్యూటరులో సాధారణ మిర్రరునకు ఈ వివేకము లేదు. రెండు డిస్కులలో ఒకచోట తేడా వచ్చినచో తేడా ఉన్నదని మాత్రమే చెప్పగలదు. ఏది సత్యమో చెప్పలేదు. జెడ్‌.ఎఫ్‌.ఎస్. వంటి కొన్ని పద్ధతులు ప్రతి ముక్కకును ఒక గుర్తుసంఖ్యను వేరుగా దాచి, దానితో పోల్చి సరియైన ప్రతిని గుర్తిస్తాయి. 1888లో హైదరాబాదులో స్థాపింపబడిన దాయిరతుల్ మఆరిఫ్ పండితులు అరబ్బీ గ్రంథములను పరిష్కరించునప్పుడు వివిధ ప్రతులను తెప్పించి పోల్చిచూచుటలోని ఆంతర్యము కూడ ఇదే. రెండు ప్రతులు విభేదించినప్పుడు మూడవది సాక్ష్యము చెప్పవలెను.

కమిటీవారికి మనవి

ఇంతవరకు చెప్పినదానిని ఆచరణకు తెచ్చుట కష్టము కాదు. కార్యాలయపు రికార్డులున్న కంప్యూటరులో స్ట్రైపింగును ఎంతమాత్రము వాడరాదు. వార్షికోత్సవ వీడియోను కూర్చునప్పుడు, మూలప్రతి వేరొకచోట ఉన్నచో, తాత్కాలిక పనికి దానిని వాడుకొనవచ్చును. రికార్డులకు మాత్రము సమాన పరిమాణముగల రెండు డిస్కులతో మిర్రరు ఏర్పరచవలెను. విద్యుత్తు హఠాత్తుగా పోయినప్పుడు ఒక డిస్కుపై వ్రాత పూర్తియై రెండవదానిపై కాకపోవచ్చును గనుక యు.పి.ఎస్. తప్పనిసరి. పెట్టెను నేలపై గాక ఎత్తైన బల్లపై ఉంచవలెను.

ప్రతి డిస్కుపై దాని సంఖ్యను పెద్దగా వ్రాసి అంటించవలెను. చెడినదనుకొని బాగున్నదానిని ఊడదీసినచో రెండవ ప్రతి కూడ చేజారును. అన్నిటికంటె ముఖ్యముగా, మిర్రరులో ఒక డిస్కు పోయినను పని యథాప్రకారము సాగుతుంది గనుక ఎవ్వరికిని తెలియకపోవచ్చును. మాసములు గడిచి రెండవది కూడ పోయిన దినమున నిజము బయటపడుతుంది. అందుచేత ఒక ఉద్యోగిని నియమించి, వారమునకొకసారి డిస్కుల స్థితిని చూచి రిజిస్టరులో సంతకము చేయించవలెను.

వారమునకొకసారి బాహ్య డిస్కులోనికి నకలు తీసి, పని కాగానే తీగ ఊడదీయవలెను. ఇటువంటి బాహ్య డిస్కులు రెండు ఉంచి, ఒకటి కళాశాలలో ఉన్నప్పుడు మరొకటి వేరొక భవనములో ఉండునట్లు మార్చుకొనుచుండవలెను. ఉప్పల్ లోని ప్రతికి జత కీసరలో ఉన్నచో ఒకే వాన రెండింటిని ముంచుట అరుదు. విద్యార్థుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు వివరములు వాటిలో ఉంటాయి గనుక ఆ డిస్కులకు రహస్య సంకేతపు తాళము అవసరము. పరీక్షల కాలమునకు ముందు ఒకసారి, ఆ నకలునుండి ఒక తరగతి రికార్డును నిజముగా తెరిచి చూడవలెను. తెరిచి చూడని నకలు ఉన్నదో లేదో ఎవరు చెప్పగలరు?

విద్యార్థులకు కూడ ఇందులో పని ఉన్నది. కంప్యూటరు శాఖవారు పాత కంప్యూటరు ఒకటి, పాత డిస్కులు రెండు తీసుకొని ప్రయోగశాలలో మిర్రరును ఏర్పరచి, కంప్యూటరును ఆపి, ఒక డిస్కును ఊడదీసి మరల నడిపి ఏమగునో స్వయముగా చూడవచ్చును. తరువాత అదే ప్రయోగమును స్ట్రైపింగుతో చేయవచ్చును. పది పుటల పాఠము నేర్పలేనిది ఆ రెండు ప్రయోగములు ఒక మధ్యాహ్నములో నేర్పుతాయి.

ఫీజు కట్టుటకు అప్పు చేసి బిడ్డను చదివించిన తల్లిదండ్రులు మన చేతికి అప్పగించినది ఆ బిడ్డను మాత్రమే కాదు. ఆ బిడ్డ చదివినదనుటకు సాక్ష్యమును కూడ. అది అమానతు. ఒక అదనపు డిస్కు, వారమునకొక నకలు, రిజిస్టరులో ఒక సంతకము: ఆ అమానతును కాపాడుటకు మనము చెల్లించవలసిన మూల్యము ఇంతే. రాబోవు బడ్జెటు సమావేశములో కమిటీవారు ఈ విషయమును పరిశీలించగలరని ఆశిస్తున్నాము.